బాఖ్ డి మైనర్ టొకాటా అండ్ ఫ్యూగ్ (బీడబ్ల్యూవీ 565): కీబోర్డ్ నేర్చుకునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

జర్మన్ స్వరకర్త బాఖ్ పేరున్న ఈ ఆర్గాన్ రచన మీద వచ్చే సందేహాలు ఎప్పుడూ దాదాపు ఇవే. మీ దశకు తగిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమవుతుంది.

## మొదలుపెట్టే ముందు

ఇది దెయ్యాల సినిమాల్లో వచ్చే మ్యూజిక్కేనా?

అదే. 1931లో వచ్చిన 'డాక్టర్ జెకిల్ అండ్ మిస్టర్ హైడ్' సినిమా టైటిల్స్ దగ్గర నుంచి భయానికి ఇది గుర్తుగా అతుక్కుపోయింది. రచనలో మాత్రం దెయ్యమూ లేదు, భూతమూ లేదు. చర్చిలో పెద్ద ఆర్గాన్ (గాలి గొట్టాలతో మోగే మీటల వాయిద్యం) ముందు కూర్చున్న వాద్యకారుడు తన చేతి నైపుణ్యం, వాయిద్యం సత్తా రెండూ చూపించుకునే ముక్క ఇది. భయపెట్టాలని వాయిస్తే మొదటి మూడు బార్లు (తాళం లెక్కన కాగితం మీద విడగొట్టిన గళ్లు) బాగానే ఉంటాయి, మిగతా 140 బార్లు తేలిపోతాయి.

"డి మైనర్ టొకాటా" అని వెతికితే మూడు నాలుగు వస్తున్నాయి. ఏది దించుకోవాలి?

పేరు కాదు, నంబరు చూడండి. మీకు కావలసింది బీడబ్ల్యూవీ (బాఖ్ రచనల జాబితా) 565. బీడబ్ల్యూవీ 538 కూడా డి మైనర్ టొకాటాయే, దాన్ని 'డోరియన్' అంటారు. అది పూర్తిగా వేరే రచన. 913 పెడల్ (కాళ్లతో నొక్కే మీటల వరుస) లేకుండా చేతులకు మాత్రమే రాసిన డి మైనర్ టొకాటా. ఉచితంగా కావాలంటే ఐఎమ్ఎస్ఎల్‌పీ సైట్‌లో బాఖ్ గెసెల్‌షాఫ్ట్ (బాఖ్ సొసైటీ) వారి 15వ సంపుటం (1867) నుంచి తీసిన పేజీలు దొరుకుతాయి. అందులో మూడు వరుసలుంటాయి: పై రెండు చేతులకు, అడుగుది కాళ్లకు. రెండే వరుసలున్న కాగితం దొరికితే అది ఎవరో పియానోకు మార్చినదని అర్థం.

టొకాటా, ఫ్యూగ్ అంటే తేడా ఏమిటి?

టొకాటా ఇటాలియన్ మాట, 'తాకడం' అనే క్రియ నుంచి వచ్చింది. వేళ్లు మీటల మీద స్వేచ్ఛగా పరుగెత్తడం, హఠాత్తుగా ఆగడం, మళ్లీ ఎగబాకడం దాని పద్ధతి. ఫ్యూగ్ అందుకు పూర్తిగా భిన్నం. ఒక చిన్న పల్లవి లాంటి స్వరమాల ముందు ఒంటరిగా వస్తుంది. అది సాగుతుండగానే రెండో గొంతు (విడిగా నడిచే ఇంకో స్వరాల వరుస) అదే మాలను వేరే ఎత్తులో అందుకుంటుంది, తర్వాత మూడోది. మన కచేరీతో పోల్చాలంటే మొదటిది రాగాలాపనకు, అందులోనూ వీణ మీద వాయించే తానానికి దగ్గర. రెండోదానికి మన దగ్గర సరైన జోడీ లేదు, ఎందుకంటే ఒకేసారి మూడు గొంతులు మూడు దారుల్లో నడవడం మన పద్ధతి కాదు.

ఈ రచనలో 1 నుంచి 29 బార్ల దాకా టొకాటా, 30వ బార్ నుంచి ఫ్యూగ్, 127 నుంచి 143 దాకా మళ్లీ స్వేచ్ఛగా సాగే ముగింపు. మొత్తం 8 నుంచి 10 నిమిషాలు.

అసలు ఇది బాఖ్ రాసిందేనా? కాదంటున్నారు కదా?

బాఖ్ చేతిరాత ప్రతి లేదు. మనకు దొరికిన మూలం యొహానెస్ రింక్ అనే ఆర్గానిస్టు రాసుకున్న నకలు. ఆయన 1717లో పుట్టాడు. బాఖ్ యువకుడిగా ఆర్న్‌స్టాట్‌లో పనిచేసింది 1703–1707 మధ్య. చాలామంది రచన కాలం అదేనంటారు, అంటే నకలు చాలా తర్వాతిదన్నమాట. అచ్చయింది 1833లో.

1981లో సంగీత పరిశోధకుడు పీటర్ విలియమ్స్ గట్టి అనుమానాలు లేవనెత్తాడు. చేతులు రెండూ ఆక్టేవ్ దూరంలో (సా నుంచి పై సా దాకా ఉన్నంత) అవే స్వరాలు వాయించడం, ఫ్యూగ్‌లో జవాబు అరుదైన స్థాయిలో రావడం, చివర మైనర్ కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుంపు) మీద ఆగడం బాఖ్ అలవాట్లు కావని ఆయన వాదన. ఇది మొదట వయొలిన్‌కు రాసింది అయి ఉండొచ్చని కూడా అన్నాడు. అటువైపు క్రిస్టఫ్ వోల్ఫ్ లాంటి పరిశోధకులు ఇది కుర్రతనపు బాఖ్ రచనే అంటారు. చిన్న ఆర్గాన్‌లో లేని 16 అడుగుల గొట్టాల (రాసిన దానికి ఒక ఆక్టేవ్ కింద మోగేవి) బరువును తెప్పించడానికే ఆ ఆక్టేవులు వాడాడని వాళ్ల సమాధానం. వాయించేవాళ్లకు ఈ గొడవలో పనికొచ్చే సంగతి ఒక్కటే: ఆ ఆక్టేవులు బరువు కోసం ఉన్నాయి, కాబట్టి ఎడమ చేతిని మెత్తగా దాచేయకూడదు.

నా స్థాయికి ఇది మరీ ఎక్కువా?

బాఖ్ రెండు గొంతుల ఇన్వెన్షన్లు అనే చిన్న ముక్కల్లో కనీసం మూడు తడబడకుండా వాయించగలిగితే మొదలుపెట్టవచ్చు. వాటిలో 4వది డి మైనర్‌లోనే ఉంది, ముందు అది పూర్తి చేయండి. టొకాటా భాగం వినడానికి భయంకరంగా ఉన్నా చేతికి త్వరగా వస్తుంది, ఎందుకంటే చాలాచోట్ల రెండు చేతులవీ అవే స్వరాలు. అసలు కష్టం ఫ్యూగ్. రోజుకు 45 నిమిషాల సాధనతో టొకాటాకు రెండు నెలలు, ఫ్యూగ్‌కు నాలుగైదు నెలలు పెట్టుకోండి. తొందరపడి 30 రోజుల వీడియో పట్టుకున్నవాళ్లు సాధారణంగా 30వ బార్ దగ్గరే ఆగిపోతారు.

## వాయిద్యం, సెట్టింగులు

నా దగ్గర 61 కీల కీబోర్డే ఉంది. సరిపోతుందా?

చేతుల వరకు హాయిగా సరిపోతుంది. బాఖ్ కాలపు ఆర్గాన్లకు ఒక్కో మీటల వరుసలో సాధారణంగా 4 ఆక్టేవులే ఉండేవి, మీ దగ్గర 5 ఉన్నాయి. మీ కీబోర్డ్ అడుగు మీట నడి సీకి (కీబోర్డ్ మధ్యలో ఉండే సీ) రెండు ఆక్టేవుల కింది సీ. పెడల్ వరుసలో రాసిన డి దానికి పక్కనే ఉంది. కాకపోతే ఆర్గాన్ పెడల్‌లో 16 అడుగుల గొట్టాలు కూడా మోగుతాయి కాబట్టి ఆ డి ఇంకో ఆక్టేవ్ కిందికి కూడా వినిపిస్తుంది. ఆ లోతు మీకు టోన్ సెట్టింగ్‌తో రావాలి, మీటలతో కాదు.

చర్చ్ ఆర్గాన్ టోన్ పెట్టినా పలచగా, బొమ్మ వాయిద్యంలా వస్తోంది. ఎందుకు?

నాలుగు కారణాల్లో ఏదో ఒకటి, తరచుగా నాలుగూ.

మొదటిది టచ్ రెస్పాన్స్. గాలి ఆర్గాన్‌కు గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా ఒకటే శబ్దం. టచ్ ఆన్‌లో ఉంటే బలహీనమైన నాలుగో వేలు, చిటికెన వేలు నొక్కిన స్వరాలు వినబడకుండా పోతాయి. దాన్ని ఆఫ్ చేయండి. రెండోది ఒక్క టోన్ మాత్రమే మోగడం. డ్యూయల్ వాయిస్ ఆన్ చేసి, రెండో ఆర్గాన్ టోన్‌ను ఒక ఆక్టేవ్ కిందికి దించి, వాల్యూమ్ సగానికి తగ్గించి కలపండి. మూడోది రివర్బ్. 'రూమ్' కాకుండా 'హాల్' పెట్టండి. ఈ రచనలో మౌనాలు ఎక్కువ, ఆ మౌనాల్లో ప్రతిధ్వని వినబడకపోతే అవి ఖాళీగా ఉంటాయి. నాలుగోది కీబోర్డ్ సొంత స్పీకర్లు. కింది డి వాటిలో రాదు, హెడ్‌ఫోన్స్ పెట్టి వింటే తేడా తెలుస్తుంది.

ల్యాప్‌టాప్ ఉంటే యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి గ్రాండ్‌ఆర్గ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడవచ్చు. అందులో నిజమైన ఆర్గాన్ల నుంచి గొట్టం గొట్టం రికార్డ్ చేసిన ధ్వనులు వేసుకోవచ్చు. మీట నొక్కిన చాలాసేపటికి శబ్దం వస్తే బఫర్‌ను 256 శాంపిళ్లకు దించండి, విండోస్‌లో ఆ ఆలస్యాన్ని తగ్గించే ఏఎస్ఐఓ డ్రైవర్ పెట్టండి.

కాళ్లతో వాయించే పెడల్ బోర్డ్ లేదు. ఆ వరుసను వదిలేయనా?

వదిలేయొద్దు, అది పునాది. మూడు దారులున్నాయి.

టొకాటాలో ఎడమ చెయ్యి కుడి చేతినే ఆక్టేవ్ కింద అనుసరిస్తున్న చోట పెడల్ స్వరం వస్తే ఎడమ చెయ్యి ఆ పెడల్ స్వరాన్ని పట్టుకోవాలి, కుడి చెయ్యి ఒంటరిగా పరుగెత్తాలి. ఫ్యూగ్‌లో పెడల్ ఉన్నచోట ఎడమ చేతికి బాస్, కుడి చేతికి పై రెండు గొంతులు. అందకపోతే నడి గొంతు వదలండి, బాస్ కాదు. బాస్ పోతే కార్డ్ ఏమిటో చెవికి తెలియదు, నడి గొంతు పోతే చాలామంది గమనించరు కూడా.

రెండో దారి ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టడం. కీబోర్డ్ ఎడమ చివరి ఆక్టేవున్నర వాళ్లది. పెడల్ వరుసలో ఎక్కువచోట్ల పట్టి ఉంచే స్వరాలే కాబట్టి ఏడాది నేర్చుకున్న పిల్లలు కూడా చాలావరకు చేయగలరు. మూడోది మిడి పెడల్ బోర్డ్ కొనడం. 30 లేదా 32 మీటలుండేది ఈ రచనకు చాలు. ఈ ఒక్క ముక్క కోసమైతే అంత ఖర్చు అనవసరం.

సస్టెయిన్ పెడల్ తొక్కొచ్చా?

ఆర్గాన్ టోన్‌తో అసలు వద్దు. పియానో స్వరం తొక్కిపట్టినా మెల్లగా ఆరిపోతుంది, ఆర్గాన్ స్వరం ఆరదు. తొక్కిన క్షణం నుంచి వదిలేదాకా వాయించిన ప్రతి స్వరమూ పూర్తి శబ్దంతో నిలబడి, రెండు బీట్లలో అంతా ముద్దవుతుంది. పియానో టోన్‌తో వాయిస్తే మూడో బార్‌లో పేరుకునే కార్డ్ దగ్గర తొక్కవచ్చు, ఫ్యూగ్‌లో మాత్రం కాలు నేల మీదే ఉంచండి.

## టొకాటా భాగం

మొదటి బార్లు స్వరాల్లో చెప్పగలరా?

డిని షడ్జమం అనుకోండి. అప్పుడు ఈ స్కేల్ సరిగ్గా కీరవాణి స్వరస్థానాల్లో కూర్చుంటుంది: రి చతుశ్రుతి (ఈ), గ సాధారణం (ఎఫ్), మ శుద్ధం (జి), ప (ఏ), ధ శుద్ధం (బీ ఫ్లాట్), ని కాకలి (సీ షార్ప్). ఇది కీరవాణి రాగం కాదు, గమకాలు లేవు, స్థానాలు మాత్రమే కలుస్తాయి. గుర్తుపెట్టుకోవడానికి అంతకన్నా సులువు లేదు.

మొదటి పలుకు: ప మ ప (ఆగాలి) మ గ రి స ని స. రెండోది ఒక ఆక్టేవ్ కింద: ప మ ప (ఆగాలి) రి గ ని స. మూడోది ఇంకో ఆక్టేవ్ కింద, మొదటి పలుకే మళ్లీ. కుడి చెయ్యి నడి సీ పైనున్న రెండో 'ఏ' మీద మొదలవుతుంది, ఎడమ చెయ్యి దానికి ఒక ఆక్టేవ్ కింద.

మొదటి స్వరం మీద గీసిన వంకర గీత ఏమిటి?

మోర్డెంట్. నడుమ నిలువు గీత ఉంది కాబట్టి కింది స్వరాన్ని తాకి రావాలి: ఏ జి ఏ. పైకి వెళ్లి బీ ఫ్లాట్ తాకడం తప్పు, కానీ తరచుగా వినిపించే తప్పు. బీట్ మీదే మొదలుపెట్టి ఒక్క విదిలింపులో ముగించి, రెండో ఏ మీద నిలవాలి. నెమ్మదిగా వాయిస్తే అది మూడు స్వరాల పాటలా వినిపించి పట్టు పోతుంది.

మొదటి పలుకుకు ఏ వేళ్లు వాడాలి?

బొటనవేలు 1, చిటికెన వేలు 5. కుడి చేతికి ఏ జి ఏ: 3 2 3. మధ్యలో మౌనం ఉంది కాబట్టి చెయ్యి తీసి కొత్తగా పెట్టుకోండి: జి 4, ఎఫ్ 3, ఈ 2, డి 1, సీ షార్ప్‌కు 2ను బొటనవేలి మీదుగా దాటించి, మళ్లీ డి 1. ఎడమ చేతికి ఏ జి ఏ: 2 3 2, తర్వాత 1 2 3 4 5 4. ఎడమ చిటికెన వేలు నల్ల మీట మీద జారుతుంటే చేతిని మొత్తంగా అర అంగుళం లోపలికి జరపండి, వేలిని చాచకండి.

ఆ మౌనాల్లో ఎంతసేపు ఆగాలి?

లెక్క రాసి లేదు, ఫెర్మాటా (ఇష్టమున్నంతసేపు నిలపమనే గుర్తు) మాత్రమే ఉంది. కొలత మీ గది. శబ్దం తాలూకు ప్రతిధ్వని పూర్తిగా ఆరి, ఒక్క క్షణం నిశ్శబ్దం వినిపించాక తర్వాతి పలుకు. పెద్ద రాతి చర్చిలో అది నాలుగైదు సెకన్లు కావచ్చు, పడకగదిలో ఒకటిన్నర చాలు. ఈ రచనలో చాలామంది చెడగొట్టేది వేగాన్ని కాదు, ఈ మౌనాలను. కంగారుతో మూడు పలుకులనూ ఒకే ఊపిరిలో లాగేస్తారు. మూడు మౌనాలూ ఒకే పొడవున ఉన్నా యాంత్రికంగా ఉంటుంది. కిందికి దిగేకొద్దీ కాస్త పెంచండి.

మూడో బార్‌లో ఒకదాని మీద ఒకటి పేరుకునే కార్డ్ వికారంగా వినిపిస్తోంది. తప్పు వాయిస్తున్నానా?

లేదు, అలాగే వినిపించాలి. అడుగున పెడల్ డి నిలబడి ఉండగా దాని మీద సీ షార్ప్, ఈ, జి, బీ ఫ్లాట్ ఒక్కొక్కటిగా చేరతాయి. అది డిమినిష్డ్ సెవెంత్ అనే కార్డ్. స్వరాల్లో అయితే ని రి మ ధ, కింద స. కాకలి నిషాదం షడ్జమంతో ఢీకొంటుంది, ఆ రాపిడే అక్కడి ఉద్దేశం. ప్రతి కొత్త స్వరం చేరేటప్పుడు పాత వాటిని వదలకూడదు. వేళ్లు లేచిపోవడమే ఇక్కడ జరిగే అసలు పొరపాటు.

ఆ తర్వాత అది డి మేజర్ మీద విడుదలవుతుంది. అంటే ఎఫ్ కాదు, ఎఫ్ షార్ప్. అలవాటు కొద్దీ మైనర్ నొక్కేవాళ్లు చాలామంది.

ప్రెస్టిసిమో (అతివేగంగా) అని రాసిన చోట రెండు చేతులూ కలవడం లేదు. ఎంత సాధన చేసినా అంతే.

సాధన ఎక్కువైందో తక్కువైందో కాదు, కుడి చేతిని ఎక్కువ చేశారు. ఆక్టేవ్ పరుగుల్లో కుడి చేతికి తేలికైన చోట ఎడమకు బొటనవేలు దాటాల్సి వస్తుంది. సరిగ్గా అక్కడ అది వెనకబడుతుంది. ముందు ఎడమ చేతి వేళ్ల నంబర్లు పెన్సిల్‌తో రాసి ఖాయం చేయండి. వారం పాటు ఎడమ ఒక్కటే. తర్వాత రెండూ కలిపి, నోటితో 'తకిట తకిట' అంటూ, ఒక్కో గుంపు మొదటి స్వరం మీద ఆగి రెండు చేతులూ కలిశాయో లేదో విని ముందుకు వెళ్లాలి. మెట్రోనోమ్ 40 దగ్గర మొదలుపెట్టి, వరుసగా మూడుసార్లు శుభ్రంగా వచ్చాకే 4 అంకెలు పెంచండి.

'ప్రెస్టిసిమో' అని రాసి ఉందని నిజంగా చేతనైనంత వేగంగా వాయించకండి. ప్రతిధ్వని ఉన్న చోట అతివేగం గుంయ్ మనే శబ్దంగా మారుతుంది.

## ఫ్యూగ్

ఫ్యూగ్ థీమ్‌లో (ముందు ఒంటరిగా వచ్చే స్వరమాలలో) 'ఏ' అనే స్వరం మాటిమాటికీ ఎందుకు వస్తుంది? చెయ్యి నొప్పి పుడుతోంది.

థీమ్‌లో రెండు గొంతులు దాక్కున్నాయి. ఒకటి కదలకుండా 'ఏ' దగ్గరే కొట్టుకుంటుంది, ఇంకోటి దాని కింద జి ఎఫ్ ఈ డి సీ షార్ప్ డి ఈ ఎఫ్ అని నడుస్తుంది. అంటే మ గ రి స ని స రి గ. టొకాటా మొదటి పలుకులో దిగిన మెట్లే ఇవి! ముందు 'ఏ' తీసేసి నడిచే స్వరాలను మాత్రమే వారం రోజులు పాటలా వాయించండి, తర్వాత 'ఏ' చేర్చండి.

నొప్పికి కారణం 'ఏ' మీద కూడా అంతే బలం పెట్టడం. మణికట్టు తలుపు గడియ తిప్పినట్టు అటూ ఇటూ తిరగాలి, వేళ్లు పైకి లేవక్కర్లేదు. పది నిమిషాల్లో ముంజేయి బిగుసుకుంటే ఆపేయండి. ఆ బిగువుతోనే కొనసాగిస్తే తప్పుడు కదలిక అలవాటైపోతుంది.

రెండో గొంతు జి మైనర్‌లో వస్తోంది. ఫ్యూగ్‌లో జవాబు పంచమంలో రావాలి కదా, అచ్చు తప్పా?

అచ్చు తప్పు కాదు. సాధారణంగా జవాబు ఐదో స్థాయిలో, అంటే 'ఏ' వైపు వస్తుంది. ఇక్కడ నాలుగో స్థాయి అయిన జి మైనర్‌లో వస్తుంది, డి చుట్టూ తిరుగుతుంది. రచయిత విషయంలో అనుమానాలకు ఈ వింత కూడా ఒక కారణం. వాయించేటప్పుడు ఎఫ్ షార్ప్, బీ ఫ్లాట్ చూసుకోండి.

ఏ వేగంలో వాయించాలి?

క్వార్టర్ నోట్ 72 నుంచి 84 మధ్య. 80 దగ్గర ఫ్యూగ్ సుమారు 5 నిమిషాలు పడుతుంది. సాధన 50 దగ్గర. పరీక్ష ఒక్కటే: రెండు గొంతులు కలిసి వచ్చే చోట మీరు ఒకదాన్ని వాయిస్తూ రెండోదాన్ని నోటితో పాడగలగాలి. పాడలేకపోతే వేగం ఎక్కువైంది.

కాళ్లు ఒంటరిగా థీమ్ వాయించే చోటు ఎలా?

పెడల్ బోర్డ్ ఉంటే ఇది కనిపించినంత కష్టం కాదు. మాటిమాటికీ వచ్చే స్వరం కుడి పాదం బొటనవేలి వైపు, కింద నడిచే స్వరాలు ఎడమ పాదం. మడమలు అవసరం లేదు. పలచని తోలు అడుగున్న బూట్లు మేలు, రబ్బరు అడుగు మీట మీద పట్టేస్తుంది. బోర్డ్ లేనివాళ్లు ఈ చోటును ఎడమ చేత్తో, ఉంటే కింది ఆక్టేవ్ టోన్ కలిపి, పూర్తిగా ఒంటరిగా వాయించాలి. ఖాళీగా ఉందని కుడి చేత్తో కార్డ్స్ చేర్చేవాళ్లున్నారు. దయచేసి వద్దు, పెడల్ ఒంటరి ప్రవేశం ఈ ఫ్యూగ్ ప్రత్యేకతల్లో ఒకటి.

కాగితం లేకుండా వాయిస్తే మధ్యలో తిరిగి తిరిగి అదే చోటికి వస్తున్నాను.

థీమ్ ఎన్నోసార్లు వస్తుంది, వేళ్లకు అన్నీ ఒకేలా తోస్తాయి, అందుకే దారి తప్పుతారు. థీమ్ వచ్చిన ప్రతిచోటా దాని ముందున్న ఒక బార్, తర్వాతి ఒక బార్ విడిగా నేర్చుకోండి. థీమ్ వచ్చిన చోట్లకు నంబర్లు వేసి, చివరి నంబరు నుంచి వెనక్కి సాధన చేయండి. ఏ నంబరు చెప్పినా అక్కడి నుంచి మొదలుపెట్టగలిగే దాకా వేదిక మీద కాగితం పెట్టుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు.

## ముగింపు, వేదిక

127వ బార్‌లో ఫ్యూగ్ హఠాత్తుగా తెగిపోయినట్టుంది. అక్కడ తాళం ఎలా?

డి మైనర్ వస్తుందని చెవి ఎదురుచూస్తుంటే బీ ఫ్లాట్ మేజర్ కార్డ్ వచ్చి నిలబడుతుంది. దాని మీద 'రెసిటటివో' అని ఉంటుంది, అంటే మాట్లాడినట్టు. అక్కడి నుంచి చివరి 17 బార్లలో వేగం ఐదుసార్లు మారుతుంది. మెట్రోనోమ్ కట్టేయండి, కానీ లోపలి నాడి వదలకండి. ఒక్కో గుర్తు దగ్గర కొత్త వేగాన్ని మనసులో రెండు బీట్లు లెక్కపెట్టుకుని మొదలుపెట్టాలి.

కచేరీలో 5 నిమిషాలే ఇచ్చారు. ఎక్కడ కోయాలి?

టొకాటా మాత్రమే వాయించి 29వ బార్ దగ్గర ఆపండి, మూడు నిమిషాల లోపు అయిపోతుంది. ఫ్యూగ్ మధ్యలో కోసి చివరికి అతికించడం కంటే అది నయం.

నా వీడియోకు కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. 300 ఏళ్ల నాటి పాటకు కూడానా?

రచన అందరిదీ, దానికి కాపీరైట్ లేదు. రికార్డింగులకు మాత్రం ఉంటుంది. యంత్రం మీ వాయింపును ఏదో ఒక రికార్డింగ్‌తో పొరపాటుగా జోడించి ఉంటుంది. మీరే వాయించారని, రచన పబ్లిక్ డొమైన్‌లో ఉందని రాసి అభ్యంతరం పెట్టండి. నేపథ్యంలో వేరేవాళ్ల రికార్డింగ్ కలిపి ఉంటే ఆ వాదన నిలవదు.

చివరి కార్డ్ మేజరా మైనరా? ఎంతసేపు పట్టుకోవాలి?

మైనర్. జి మైనర్ నుంచి డి మైనర్‌కు దిగి ఆగుతుంది, ఎఫ్‌కు షార్ప్ లేదు. బరోక్ రచనలు చివర మేజర్‌కు మారడం మామూలు కాబట్టి చెయ్యి తనంతట తానే ఎఫ్ షార్ప్ వైపు పోతుంది, జాగ్రత్త. 'మోల్టో అడాజియో' (చాలా నెమ్మదిగా) అని ఉంది కాబట్టి ముందు కార్డ్ నుంచే నెమ్మదించి, చివరిదాన్ని ఆరేడు సెకన్లు పట్టండి. వదిలేటప్పుడు అన్ని వేళ్లూ, పెడల్ కాలూ ఒకేసారి లేవాలి. ఆర్గాన్ టోన్‌లో ఒక్క వేలు ఆలస్యమైనా ఆ ఒక్క స్వరం గదంతా వినబడుతుంది.